టాటర్సాల్ గారి దయతో

జనవరి 14, 1997

మునిసిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ ఒక రంగుల పుస్తకం పంచారు. 'ఎల్లర్డెన్, చుట్టుపక్కల చూడదగిన స్థలాలు' అట. అట్ట మీద గొర్రె బొమ్మ వేశారు. ఆ గొర్రె కూడా మా వైపుది కాదు. మా కొండ గొర్రెలకు మొహం మీద నల్ల మచ్చలుంటాయి. దీని మొహం పాలు పోసి కడిగినట్టుంది.

నేను పుట్టింది ఈ ఊళ్ళో. ఈ ఊరి బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకు బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టిన మనిషిని. ఇక్కడ ఏం చూడాలో నాకు మిస్ ఆష్‌డౌన్ అనే పిల్ల చెబుతుందట. లండన్ నుంచి వచ్చి నిరుడే మునిసిపాలిటీలో చేరి ఈ పుస్తకం రాసింది. కాలువ ఒడ్డున పడవలో కాఫీ అమ్ముతారు కదా, అది చూడదగిన స్థలమట! ఆ కాఫీ తాగినవాడెవడూ మళ్ళీ ఆ వైపు చూడడు.

అదంతా సరే. ఏడో పేజీ చూశాక పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తున్నా లేవలేదు. 'హన్నా జలపాతం. పెల్హామ్ విడిది గృహాల అతిథులకు మాత్రమే.'

మాత్రమే!

జనవరి 16

కోపం తగ్గలేదు. ఈ పుస్తకంలో ఉన్నవన్నీ నా కళ్ళతో చూసి మునిసిపాలిటీకి గట్టిగా ఉత్తరం రాస్తానని బయల్దేరాను. ముందు కొండ మీది రాణీగారి గోపురం. 'నాలుగు జిల్లాలు కనిపిస్తాయి' అని రాశారు. నాకు మంచు తప్ప ఏమీ కనపడలేదు. మెట్ల మీద ఎవరో చేపల వేపుడు కాగితాలు పారేశారు, అవి మాత్రం స్పష్టంగా కనపడ్డాయి.

తర్వాత మిల్లు మ్యూజియం. మా అమ్మ పదమూడో ఏట నుంచీ మగ్గాల మధ్య నిలబడిన మిల్లు. ఇప్పుడు అక్కడ మైనపు బొమ్మను నిలబెట్టారు. దానికి లిప్‌స్టిక్ పూశారు! మగ్గాల చప్పుడు టేపు మీద వినిపిస్తారు, అదీ చిన్నగా. ఎందుకమ్మా అంత చిన్నగా పెట్టావని టిక్కెట్ల అమ్మాయిని అడిగితే, "పెద్దగా పెడితే వచ్చినోళ్ళకి ఇబ్బంది కదండీ" అంది. నలభై నిండకుండానే మా అమ్మకు చెవులు పోయాయి. ఆవిడ ఇబ్బంది ఎవరికీ పట్టలేదు.

ఆ చప్పుడులో గొంతు చించుకున్నా వినపడదు. అందుకే మిల్లు ఆడవాళ్ళందరూ నోరు పెద్దగా కదిపి, చప్పుడు రాకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. చర్చిలో పాస్టరు ప్రసంగిస్తుంటే మా అమ్మ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఊళ్ళో సంగతులన్నీ చెప్పేసేది. నాకూ నేర్పింది. మా ఆడపడుచు ఎనిడ్ అదే మిల్లులో చివరి రోజు వరకూ పనిచేసింది, దానికీ బాగా వచ్చు.

ఎనిడ్ పేరు ఎందుకు రాశానో. దానితో నాకు మాటల్లేవు. ఎనిమిదేళ్ళ కిందట మా ఆయన స్టాన్ అంత్యక్రియలకు, సొంత అన్నగారి అంత్యక్రియలకు, బురద బూట్లతో వచ్చింది. చేతిలో తడి ఆకులు, వెనక కుక్క. ఊరు ఊరంతా చూసింది.

ఎనిడ్ గురించి నేను అసలు తలుచుకోను.

ఫిబ్రవరి 2

పైకి వెళ్ళి చూసొచ్చాను. జలపాతానికి వెళ్ళే టాటర్సాల్ పొలం గేటుకు నా పిడికిలంత తాళం వేశారు. 'ప్రైవేటు' అని పలక. లోపల పశువుల కొట్టాలకు సున్నం కొట్టి, కిటికీలకు పూలకుండీలు వేలాడదీశారు. గేటు దగ్గర నిలబడితే జలపాతం వినపడుతుంది, కనపడదు.

ఏటా గుడ్ ఫ్రైడే నాడు మా చర్చి వాళ్ళం బ్యాండుతో ఆ పొలం మీదుగా నడిచి జలపాతం దగ్గర పాటలు పాడి వస్తాం. మా అమ్మ చిన్నప్పుడూ వెళ్ళేవారు, వాళ్ళమ్మ చిన్నప్పుడూ వెళ్ళేవారు. గత ముప్పై ఏళ్ళుగా దాన్ని నడిపిస్తున్నది నేను. బ్యాండు రోడ్డు మీద ఆగుతుంది. నేనొక్కదాన్నే వాకిట్లోకి వెళ్ళి తలుపు తట్టి, అల్లం పార్కిన్ కేకు గుడ్డలో కట్టి ముసలి టాటర్సాల్ చేతిలో పెట్టి, "ఇవాళ మీ పొలంలోంచి వెళ్ళొచ్చాండీ?" అని అడుగుతాను. ఒకరి వాకిట్లోంచి వెళ్ళేటప్పుడు అడగడం మర్యాద.

ఆ మనిషికి మాత్రం ఆ ముక్క తెలియదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి "అలాగేనమ్మా, వెళ్ళండి" అన్న పాపాన పోలేదు. ఆయన అనేది ఒకటే మాట, ఏటా అదే. దాన్ని ఇక్కడ కూడా రాయను. కేకు మాత్రం లాక్కుని, మొహం మీద తలుపు వేసేవాడు. నేను రోడ్డు మీదికి వచ్చి, "టాటర్సాల్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు" అని అందరికీ చెప్పేదాన్ని. చర్చి గోడకు అంటించే ప్రకటనలో కింద 'శ్రీ టాటర్సాల్ గారి దయతో, వారి అనుమతితో' అని నా చేత్తోనే రాసేదాన్ని. ఎవరో ఒకరు మర్యాద నిలబెట్టాలి కదా.

నిరుడు చలికాలంలో ఆయన పోయాడు. ఆ గుడ్ ఫ్రైడేకి ఖాళీ ఇంటి తలుపే తట్టి వెళ్ళాం. మేనల్లుడు పొలాన్ని ఈ పెల్హామ్‌కి అమ్మేశాడు.

మార్చి 28, గుడ్ ఫ్రైడే

రాత ఎలా ఉన్నా ఇవాళ పట్టించుకోను.

మామూలుగానే వెళ్ళాం. మంచు కలిసిన వాన పడుతోంది. పెల్హామ్ గేటు అవతల నిలబడ్డాడు, ఇంకా కొట్టు వాసన పోని కోటు వేసుకుని. నేను పార్కిన్ మూట చూపించాను.

"నమస్కారమండీ. ఇవాళ మీ పొలంలోంచి వెళ్ళొచ్చా?"

"ముందుగా రాసి అడిగుంటే ఆలోచించేవాణ్ణమ్మా."

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

"ఇప్పుడు కుదరదు. అతిథులు ప్రశాంతత కోసం డబ్బు కట్టి వచ్చారు."

"మేం పాడేది ప్రార్థన గీతాలే బాబూ, రౌడీ పాటలు కాదు."

"అవతల బాకా ఊదుతున్నారు కదండీ," అన్నాడు.

బ్యాండు రోడ్డు మీదే వాయించింది. వానకి బాకాలోంచి నీళ్ళు కారాయి. మా పాస్టరు గారు "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. వచ్చే ఏడట! అందరూ తలలు దించుకుని తిరిగారు. ఇంతలో వెనక నుంచి ఎనిడ్ వచ్చింది. అది ఏనాడూ మాతో కలిసి నడవదు, బ్యాండుకి నాలుగడుగుల వెనక కుక్కతో నడుస్తుంది. నేరుగా గోడెక్కి అవతలికి దిగింది. అరవై అయిదేళ్ళ మనిషి! కుక్క కూడా దూకింది. పెల్హామ్ కేకలు వేస్తూనే ఉన్నాడు. ఎనిడ్ వెనక్కి తిరిగి చూడలేదు. తన మానాన జలపాతం వైపు వెళ్ళిపోయింది.

సిగ్గు లేని మనిషి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొంచెం నవ్వొచ్చింది, అది వేరు.

పార్కిన్ ఇంటికి తిరిగొచ్చింది. తినబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 10

ఆ ఆష్‌డౌన్ పిల్ల మా ఇంటికొచ్చింది. తిట్టి పంపిద్దామని తలుపు తీశాను. తడిసి ముద్దయి ఉంది. లోపలికి రమ్మనక తప్పలేదు.

"ఆ ఏడో పేజీ నాకు పెల్హామ్ గారు చెప్పినట్టే రాశానండీ. తప్పయింది. మీరందరూ వెళ్తారని నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు ఎవర్నైనా అడిగితే కదా చెప్పడానికి!"

మూడు ముక్కలు పార్కిన్ తింది. తింటూనే చట్టం చెప్పింది. ఇరవై ఏళ్ళపాటు జనం దాక్కోకుండా, గోడలు పగలగొట్టకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నడిచిన దారి జనానిదే అయిపోతుందట. కౌంటీ కార్యాలయంలో అర్జీ పెడితే ఒక విచారణ అధికారి వస్తాడట. ఆయన ఒప్పుకుంటే పెల్హామ్ కాదు కదా, ఆ పొలం రాణీగారే కొన్నా మూయలేరట.

ఒప్పుకోకపోతే ఎప్పటికీ మూతేనట. మళ్ళీ అడగడానికి ఉండదని తను అనుకుంటోందట.

పేరు ఫెలిసిటీ. బాగా సన్నగా ఉంది పాపం.

ఏప్రిల్ 11

అర్జీ మీద మొదటి సంతకం నాది.

ఏప్రిల్ 10, 1998, గుడ్ ఫ్రైడే

ఈ ఏడూ రోడ్డు మీదే. పాస్టరు గారు మళ్ళీ "వచ్చే ఏడు" అన్నారు. ఈసారి ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట అనరు.

ఎనిడ్ గోడ దూకింది.

జూన్ 23

పెల్హామ్ లాయరు కౌంటీకి పంపినవన్నీ మాకూ పంపాడు. చర్చి గోడ మీది ప్రకటనలు. స్థానిక పత్రిక ఏటా వేసేది కదా, వాటి నకళ్ళు. అన్నీ నా చేతిరాతే. 'శ్రీ టాటర్సాల్ గారి దయతో, వారి అనుమతితో.' ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత.

అంటే అనుమతి తీసుకున్నాం కాబట్టి దారి మనది కాదట! ఇన్నేళ్ళూ తలుపు తట్టి, మంచిగా అడిగి, కేకు ఇచ్చి వెళ్ళాం కాబట్టి మనకు హక్కు లేదట. ఎవరినీ లెక్కచేయకుండా, బురద బూట్లతో తొక్కుకుంటూ పోయుంటే హక్కు వచ్చేదట. ఇదేం చట్టం? మర్యాదగా బతకడం నేరమా? రేపటి నుంచి దుకాణంలో వరస తప్పించి ముందుకు తోసుకుపోతాను, చట్టం నన్ను మెచ్చుకుని బిరుదు ఇస్తుంది కాబోలు!

పాస్టరు గారు వచ్చి, "మీరు మంచి ఉద్దేశంతోనే రాశారు థెల్మా గారూ" అన్నారు. నా తప్పు అని అనడం అన్నమాట. తప్పు నాదెలా అవుతుంది? ఆ ముసలాయన ఒక్కసారి సరిగ్గా జవాబు చెప్పి ఉంటే నేను అలా రాయాల్సిన పనే లేదు.

జూన్ 24

పార్కిన్ మాడిపోయింది. పొయ్యి తప్పు.

జూన్ 30

చర్చి మెట్ల మీద నేను రాగానే మాటలు ఆపేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా చాలా రకాలుగా ఉంటుంది.

జులై 19

ఎనిడ్ వచ్చింది. వెనక గుమ్మం దగ్గరకు, కుక్కతో. తొమ్మిదేళ్ళు దాటిన తర్వాత.

"ఏం వదినా, లోపలికి రానిస్తావా, లేకపోతే ఇక్కడే నిలబెడతావా?"

"బూట్లు విప్పు."

విప్పలేదు. గుమ్మంలోనే కూర్చుంది.

"ముసలాయన ఏనాడూ నీకు అనుమతి ఇవ్వలేదుగా," అంది.

"ఇచ్చాడు. సంతోషంగా ఒప్పుకున్నాడు."

"నాకు చెప్పకు వదినా. ఆయన ఏమన్నాడో నాకు తెలుసు."

"నువ్వు రోడ్డు మీద ఉన్నావు. బ్యాండు వెనకాల. నీకెలా వినపడింది?"

"వినపడ్డం దేనికి? నేను మగ్గాల మధ్య పనిచేసిన దాన్ని. ఆయన తలుపు తీసి రోడ్డు వైపే మొహం పెట్టి అరిచేవాడు. మొదటి ఏడే చూశా."

అని, చప్పుడు రాకుండా పెదవులు కదిపింది. ముసలాయన మాట, అక్షరం పొల్లుపోకుండా. నా మొహం వేడెక్కిపోయింది.

"ఇన్నేళ్ళూ తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్తే నీ పరువేం కావాలి?" అంది. "ఇప్పుడు నువ్వే చెప్పాలి మరి. అధికారి ముందు. నువ్వు నోరు విప్పకపోతే దారి పోద్ది."

నేను తలుపు వేసేశాను. మొహం మీదే వేశాను.

చెప్పను. ఊరందరి ముందు ఆ మాట నా నోటితో చెప్పను. ముప్పై ఏళ్ళు ఆయన మంచితనం గురించి చెప్పి, ఇప్పుడెలా చెబుతాను?

సెప్టెంబరు 14

రేపే విచారణ. చెప్పను.

సెప్టెంబరు 15

చర్చి వెనక బడి హాల్లో పెట్టారు. విచారణ అధికారి బట్టతల మనిషి, సీసాలో టీ తెచ్చుకున్నాడు. పెల్హామ్, అతని లాయరు ఒక పక్క. మా వాళ్ళందరూ వెనక బెంచీల్లో, ఆదివారం వేసుకునే టోపీలతో.

లాయరు నా ప్రకటనలు ఒక్కొక్కటీ చదివాడు. ఏటా అదే వాక్యం. ఒక్కోసారి చదివినప్పుడల్లా వెనక బెంచీలు కదిలాయి.

తర్వాత ఎనిడ్‌ని పిలిచారు. బూట్లతోనే వెళ్ళి కూర్చుంది.

"మీరు ఆ దారిలో ఎన్నాళ్ళ నుంచి నడుస్తున్నారు?"

"నడక వచ్చినప్పట్నుంచి. రోజూ."

"ఎప్పుడైనా అనుమతి అడిగారా?"

"ఎవర్ని?"

"యజమానిని."

"ఊపిరి పీల్చుకోడానిక్కూడా అడగాలా నాయనా?"

అందరూ నవ్వారు. లాయరు నవ్వలేదు. "కానీ ఊరి తరపున శ్రీమతి థెల్మా గారు ఏటా అడిగేవారు, ఆయన ఒప్పుకునేవారు, నిజమేనా?"

"అడిగేది. ఆయన ఒప్పుకునేవాడు కాదు."

"మీకెలా తెలుసు? మీరు రోడ్డు మీద, మోగుతున్న బ్యాండు వెనక ఉన్నారు."

"చూశాను. పెదాలు."

లాయరు పెదవి విరిచి, పెల్హామ్ వైపు వంగి ఏదో గుసగుసలాడాడు. హాలుకి ఈ చివర వాళ్ళు, ఆ చివర ఎనిడ్.

"ముసలిదాన్ని ఇంకాస్త కెలికితే తన కేసు తనే పాడుచేసుకుంటుంది అంటున్నాడండీ," అంది ఎనిడ్ అధికారితో. "బాబూ, అలాంటివి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పుకోవాలి. ఇది మిల్లు ఊరు."

లాయరు చెవులదాకా ఎర్రబడ్డాడు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికేనని నా నమ్మకం. తర్వాత గంభీరంగా, "ఆయన ఏమనేవారో దగ్గరుండి విన్న మనిషి ఇక్కడే ఉన్నారు కదా. ఆవిడనే అడుగుదాం" అన్నాడు.

నేను లేచాను. ఎప్పుడు లేచానో గుర్తులేదు. వెనక అందరూ ఉన్నారు, నేను వడ్డించిన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ. 'ఆయన బాగానే అన్నారండీ' అని చెబుదామనే నోరు తెరిచాను. నాకు ఎదురుగా ఎనిడ్ కూర్చుంది. బూట్ల మీద బురద ఎండిపోయి ఉంది. పెదవులు కదపలేదు. ఒక్క మాట అందించలేదు. నా వైపు చూస్తూ ఊరుకుంది.

"ఆయన అన్నది..." అన్నాను.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా, రాసుకోవాలి."

"'నన్నెందుకు అడుగుతావే పిచ్చిమొహమా?' అనేవారండీ. 'దారి నా అబ్బ సొత్తా? మా తాత పుట్టకముందు నుంచీ జనం పోతున్నారు. పోండి పోండి, తలుపు తీసి నిలబెడితే చలి లోపలికొస్తోంది' అనేవారు."

అధికారి మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు.

"ప్రతి ఏడూ అదే అన్నారా?"

"ప్రతి ఏడూ. ఆఖర్న చెవుడొచ్చాక ఇంకా గట్టిగా అన్నారు."

"మరి అనుమతితో అని ఎందుకు రాశారు?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. రెండేళ్ళుగా ఉన్న కోపమంతా వచ్చింది. "మరేం రాయమంటారండీ? 'టాటర్సాల్ గారు పిచ్చిమొహమా అని తిట్టినందున ఊరేగింపు యథాప్రకారం జరుగును' అని చర్చి గోడకు అంటించనా? మాది మర్యాదస్తుల ఊరు. మంచిగా నాలుగు ముక్కలు రాస్తే వాటిని పట్టుకుని మా దారి మూస్తారా? ఆ మనిషి నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ దారి తనది కాదని ఆయనకు తెలుసు. మా అమ్మ నడిచింది, మా ఆయన నడిచాడు. తెలియనిది ఇదిగో, కొత్త కోటు వేసుకున్న ఈ ఒక్కడికే!"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. పాస్టరు గారే కొట్టారని తర్వాత తెలిసింది. ఆయన్ని పాక్షికంగా క్షమించాను.

ఇంటికొస్తుంటే బేకరీ పిల్లాడు "ఏం పిచ్చిమొహమా, బాగున్నావా?" అని అరిచాడు. వాడికి మూడేళ్ళపాటు పుడ్డింగ్ వడ్డించాను. అడిగినప్పుడల్లా రెండోసారి కూడా వడ్డించాను.

ఫిబ్రవరి 9, 1999

గెలిచాం. తీర్పులో ముసలాయన మాట ఉన్నదున్నట్టు వేశారు, పిచ్చిమొహంతో సహా. ప్రభుత్వ ముద్రతో.

మార్చి 20

కొత్త పుస్తకం వచ్చింది. హన్నా జలపాతం మొదటి పేజీలో వేసింది ఫెలిసిటీ. 'దారి అందరిదీ' అని రాసింది. బాగుంది. గొర్రె మాత్రం అదే తెల్లమొహం గొర్రె. రేపు వెళ్ళి అడుగుతాను.

ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే

ఎండ కాసింది. మా ఊళ్ళో గుడ్ ఫ్రైడేకి ఎండ! బ్యాండు రోడ్డు మీద ఆగింది. నేను పార్కిన్ మూట పట్టుకుని గేటు దగ్గరకు నడిచాను. తాళం తీసేశారు. పెల్హామ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, బయటికి రాలేదు.

గేటు మీద చెయ్యి వేశాను, కాలు ముందుకు పడలేదు. అడక్కుండా ఒకరి వాకిట్లోకి ఎలా వెళ్ళడం? వెళ్ళి ఒక్కసారి తలుపు తడితే పోయేదేముంది అనిపించింది. కానీ తడితే మళ్ళీ అనుమతి అయి కూర్చుంటుందేమోనని భయం. నిజం చెప్పాలంటే, తలుపు తీసి తిట్టడానికి అవతల ఆ మనిషి లేడు. ముప్పై ఏళ్ళు ఆయన మీద పడ్డ కోపమంతా ఒక్కసారి కన్నీళ్ళుగా వచ్చింది. బ్యాండు వాళ్ళు నా వెనక ఎదురు చూస్తున్నారు.

వెనక్కి తిరిగాను. అందరికన్నా చివర, నాలుగడుగుల దూరంలో, ఎనిడ్ నిలబడి ఉంది. నా వైపు చూసి, చప్పుడు లేకుండా, పెదవులు పెద్దగా కదిపింది.

నన్నెందుకు అడుగుతావే పిచ్చిమొహమా?

నేను గేటు తోసుకుని వెళ్ళిపోయాను.

జలపాతం దగ్గర రాళ్ళ సందుల్లో ఫెర్న్ ఆకులు తడిసి వేలాడుతున్నాయి. ఇలాంటివి కిందెక్కడా పెరగవు. స్టాన్ అంత్యక్రియల నాడు ఎనిడ్ చేతిలో ఉన్నవి ఇవే, బూట్లకున్నది ఈ దారి బురదే. బండ మీద చోటిచ్చాను. పార్కిన్ విప్పి సగం దానికి పెట్టాను, సగం నేను తిన్నాను.

"కాస్త మాడింది వదినా," అంది.

మాడలేదు.